అప్పే లేదు, అందుకే అప్పు పుట్టడం లేదు

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా నేను, మావారు విజయవాడలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. రోజుకు ఐదు వేల దాకా అమ్మకం ఉంటుంది. ఖర్చులన్నీ పోను నెలకు 45 వేలు మిగులుతుంది. ఇంతవరకు బ్యాంకులో గానీ బయట గానీ పైసా అప్పు చేయలేదు. క్రెడిట్ కార్డు కూడా లేదు. చీటీలు కట్టి 13 లక్షలు కూడబెట్టాం. 32 లక్షలకు ఒక ఫ్లాటు చూసుకుని 20 లక్షల లోన్ అడిగితే, ‘మీకు సిబిల్ మైనస్ 1 ఉంది, కుదరదు’ అని పంపించేశారు. ఒకాయన 15 వేలిస్తే మూడు నెలల్లో స్కోరు 750 చేయిస్తానంటున్నాడు. తెలిసినవాళ్లు నోటు మీద రూపాయిన్నర వడ్డీకి ఇస్తామంటున్నారు. ఫ్లాటు ఓనరు నెలాఖరులోపు రెండు లక్షలు అడ్వాన్సు ఇమ్మంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా ఆ అడ్వాన్సు ఇవ్వకండి. ఆ 15 వేలూ ఇవ్వకండి. మిగతాది నిదానంగా చూద్దాం.

మైనస్ 1 అంటే సున్నా కంటే తక్కువ మార్కులు వచ్చాయని కాదు. అప్పులు ఎలా తీర్చామో చూసి ఇచ్చే సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. తీసుకున్న అప్పు ఎగ్గొట్టినవాళ్లు 300 వైపు ఉంటారు. మైనస్ 1 అసలు స్కోరే కాదు. ‘ఈ మనిషి గురించి మా దగ్గర ఏ లెక్కా లేదు’ అని చెప్పే గుర్తు అది. కొన్ని రిపోర్టుల్లో ఎన్‌హెచ్ అనో, ఎన్‌ఏ అనో రాసి ఉంటుంది, అర్థం అదే. పద్నాలుగేళ్లు ఎవరికీ బాకీ పడకుండా బతికినందుకు మీ పేరు మీద మచ్చ పడిందేమోనని బెంగ పెట్టుకోకండి.

చిక్కల్లా ఏమిటంటే, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చిన అప్పులు మాత్రమే ఆ లెక్కలోకి ఎక్కుతాయి. ఒక్క నెల తప్పకుండా కట్టిన చీటీ ఎక్కదు. ఇంటద్దె, కరెంటు బిల్లు, ఎల్ఐసీ ప్రీమియం, బ్యాంకులో వేసిన డిపాజిట్ ఏవీ ఎక్కవు. రోజూ వందసార్లు మోగే యూపీఐ సౌండ్ బాక్సు కూడా ఎక్కదు. మీవారి పేరుతో కార్డు ఉండి, మీరు దానికి యాడ్-ఆన్ కార్డు వాడినా మీ పేరు మీద చరిత్ర ఏర్పడదు.

చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్ల దరఖాస్తును తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6న ఇచ్చిన ఆదేశాల్లో బ్యాంకులకు చెప్పింది. మొదటి లోన్‌కు ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదని కేంద్రం పార్లమెంటులో కూడా చెప్పింది. అలాగని బ్యాంకు తప్పనిసరిగా ఇచ్చి తీరాలనీ కాదు. ఆదాయం చాలదనో, ఫ్లాటు కాగితాలు బాగాలేవనో కాదనే హక్కు దానికి ఉంది. అందుకని కౌంటరు దగ్గర నోటిమాటతో తిరిగి రాకుండా దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంటు తీసుకోండి. కాదంటే ఎందుకు కాదన్నారో రాసి ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుది. ఆ కాగితంలో ‘సిబిల్ లేదు’ అని మాత్రమే ఉంటే, ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు.

అయితే మీ విషయంలో అడ్డు సిబిల్ ఒక్కటే కాదని మా అనుమానం. మీ ఉత్తరంలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను మాట ఎక్కడా లేదు. నెలకు 45 వేలు మిగులుతున్న సంగతి మీకు తెలుసు. బ్యాంకుకు తెలియాలంటే కాగితం కావాలి. అసలు పని ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

మీ అమ్మకం ఏడాదికి సుమారు 18 లక్షలు. ఇలాంటి చిన్న వ్యాపారాలకు పుస్తకాలు, ఆడిట్ లేకుండా ఐటీఆర్-4 అనే రిటర్ను ఫారంలో అంచనా లాభం చూపే పద్ధతి ఉంది. నగదుగా వచ్చిన అమ్మకంలో కనీసం 8 శాతం, యూపీఐలో వచ్చినదానిలో కనీసం 6 శాతం లాభంగా చూపాలి. చాలామంది ఆ ‘కనీసం’ దగ్గరే ఆగిపోతారు. పన్ను రాకూడదని 8 శాతమే చూపిస్తారు. 18 లక్షల్లో 8 శాతమంటే 1,44,000, నెలకు 12 వేలు. మామూలుగా ఆదాయంలో సగానికి మించి ఈఎంఐకి పోకుండా చూసుకుంటుంది బ్యాంకు. అంటే మీకు 6 వేల ఈఎంఐకి సరిపడా లోన్ ఇస్తుంది. 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు లెక్కేస్తే ఆరు లక్షలు కూడా రావు.

అదే మీకు నిజంగా మిగిలేది, ఏడాదికి 5,40,000 చూపండి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు పోను పన్ను సున్నా. అంటే ఉన్నది ఉన్నట్టు చూపినా మీరు కట్టేది ఏమీ ఉండదు. నెలకు 45 వేలలో సగం 22,500. 20 లక్షల లోన్‌కు 9 శాతంతో 15 ఏళ్లకు ఈఎంఐ 20,285 పడుతుంది. సరిపోయింది. పన్ను పడదని తెలియక ఆదాయం తగ్గించి రాయించుకుని, చివరికి ఇంటి లోన్ దగ్గర చిక్కుకునే చిన్న వ్యాపారులు ఎంతోమంది. ఎవరి పేరున షాపు ఉంటే వాళ్లే రిటర్ను వేయాలి. లోన్‌లో వాళ్లది మొదటి పేరు, రెండోవాళ్లది కో-అప్లికెంటు పేరు.

బ్యాంకులు సాధారణంగా రెండేళ్ల రిటర్నులు అడుగుతాయి, కొన్ని మూడేళ్లవి అడుగుతాయి. ఒకే రోజున రెండు మూడేళ్లవి వేసి తీసుకెళ్తే లోన్ కోసం పుట్టించిన కాగితాలని వెంటనే అనుమానిస్తారు. ఈ ఏడాదిది గడువులోపు వేయండి, వచ్చే ఏడాదిది వచ్చే ఏడాదే వేయండి. ఒకవేళ గడువు దాటితే డిసెంబరు 31 వరకు ఆలస్య రుసుముతో వేయొచ్చు. ఆదాయం ఐదు లక్షలు దాటితే ఆ రుసుము 5 వేలు.

రిటర్నుకు తోడుగా గల్లా పెట్టెలో డబ్బు బ్యాంకులో కనిపించాలి. చిన్న వ్యాపారాల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితం, దానికి ఎవరికీ డబ్బివ్వకండి. అది, ఫుడ్ లైసెన్సు చూపించి షాపు పేరున కరెంటు ఖాతా (వ్యాపారులకిచ్చే బ్యాంకు ఖాతా) తెరవండి. క్యూఆర్ కోడ్‌ను దానికే కలపండి. నగదు వారానికి రెండు మూడుసార్లు అందులోనే వేయండి. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలకు మించి నగదు వేస్తే ఆ వివరం ఆదాయపన్ను శాఖకు వెళ్తుంది, అందుకే కరెంటు ఖాతా మేలు. కూరగాయలు, చికెన్, గ్యాస్ సిలిండరు డబ్బులు కూడా వీలైనంతవరకు ఆ ఖాతా నుంచే వెళ్లనివ్వండి. బ్యాంకువాళ్లు తరచుగా నెలలో 5, 15, 25 తేదీల్లో ఖాతాలో ఎంత నిల్వ ఉందో చూస్తారు. లోన్ అడిగే ముందు వారం రెండు లక్షలు తెచ్చి వేస్తే వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు, పైగా ఎక్కడివని అడుగుతారు. చీటీ వాయిదా కూడా చేతికిచ్చే బదులు ఖాతా నుంచి పంపండి. సిబిల్‌లో ఎక్కకపోయినా, ఇన్నేళ్లు తప్పకుండా కట్టిన సంగతి స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. (ఏడాది అమ్మకం 20 లక్షలు దాటే సూచన ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి ఒక అకౌంటెంటును అడగండి. మీరు ఆ గీతకు దగ్గర్లోనే ఉన్నారు.)

ఇక చరిత్ర మొదలుపెట్టడం. దానికి ముందు అది నిజంగా ఖాళీగా ఉందో లేదో చూడాలి. మన దేశంలో ఇలాంటి లెక్కలు రాసే సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతి దాని నుంచీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు మీకుంది. వాటి సొంత వెబ్‌సైటులోనే పాన్, పుట్టినతేదీ, మొబైల్ నంబరు ఇచ్చి తీసుకోండి. మధ్యలో నెలవారీ ప్లాను కొనమని అడుగుతుంది, అక్కర్లేదు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. మీరెప్పుడైనా డ్వాక్రా సంఘంలో ఉండి ఉంటే క్రిఫ్ హైమార్క్‌లో ఆ జాడ దొరకొచ్చు. మైక్రోఫైనాన్స్ అప్పులు అందులో ఎక్కువగా కనిపిస్తాయి. మీవారివీ తీయండి. ఎప్పుడో ఎవరికో గ్యారంటీ సంతకం పెట్టి మర్చిపోయినా అది ఆయన రిపోర్టులోనే ఉంటుంది. మీకు తెలియని అప్పు కనబడితే అక్కడే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి.

ఖాళీగానే ఉంటే, మీలాంటివాళ్లకు అన్నిటికంటే తేలిక దారి డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. 25 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే చాలా బ్యాంకులు అందులో 80, 90 శాతం లిమిటుతో కార్డు ఇస్తాయి. డిపాజిట్ వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి స్కోరు అడగరు. డిపాజిట్‌కు వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. ఇద్దరూ చెరొకటి తీసుకోండి.

కార్డు అనగానే మీలాంటివాళ్లు భయపడతారు, అందులో తప్పు లేదు. దాన్ని ఒక్క పనికే పెట్టండి. లిమిటు 20 వేలు ఉందనుకుందాం. నెలకు 6 వేలు దాటకుండా, అంటే 30 శాతం లోపు, షాపుకు కావాల్సిన నూనె డబ్బాలు మాత్రం దాంతో కొనండి. రూపే కార్డయితే కొట్టువాళ్ల వ్యాపార క్యూఆర్ మీద యూపీఐలోనే కట్టొచ్చు, వ్యక్తిగత నంబరుకు మాత్రం వెళ్లదు. ఉదాహరణకు 18వ తేదీన బిల్లు తయారై, కట్టడానికి వచ్చే నెల 7 దాకా గడువిచ్చారనుకోండి. బిల్లు కాగితం మీద రెండు అంకెలుంటాయి. ఒకటి టోటల్ డ్యూ 6,000. దాని పక్కనే మినిమమ్ డ్యూ 300. ఈ రెండో అంకె వైపు చూడకండి. 300 కడితే ‘కట్టారు’ అనే రాస్తారు, కానీ కొన్న రోజు నుంచి మొత్తం మీద వడ్డీ మొదలవుతుంది. ఆ తర్వాత కొన్నవాటికీ గడువు లేకుండా మొదటిరోజు నుంచే పడుతుంది. అది నెలకు సుమారు మూడున్నర శాతం, మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ! ఊళ్లో అంత వడ్డీకి ఎవరైనా ఇస్తానంటే మీరు లేచి వచ్చేస్తారు. ఖాతా నుంచి టోటల్ డ్యూ దానంతటదే కట్టుబడేలా ఆటోపే పెట్టించండి. పెట్టించేటప్పుడు ‘టోటల్’ అని ఎంచారో లేదో ఒకసారి కళ్లతో చూసుకోండి, కొన్నిచోట్ల మినిమమ్ ముందే టిక్కు పెట్టి ఉండొచ్చు. గడువు రోజున ఖాతాలో డబ్బు లేకపోతే మూడు రోజుల్లోపు కట్టేయండి. అది దాటాకే దాన్ని బకాయిగా రాస్తారు.

బంగారం ఉంటే రెండో దారి కూడా ఉంది. బ్యాంకులో 50 వేలు గోల్డ్ లోన్ తీసుకుని, నెలవారీ ఈఎంఐ పద్ధతి అడగండి. 10 శాతం వడ్డీ అయితే పన్నెండు నెలలకు నెలకు 4,396 పడుతుంది, మొత్తం వడ్డీ 2,750 లోపు. ఏడాది చివర ఒకేసారి కట్టే పద్ధతి తీసుకుంటే నెలనెలా కట్టినట్టు రికార్డు రాదు, మన పని సగమే అవుతుంది. కార్డు ఒకటి సవ్యంగా సాగితే చాలు, ఇది తప్పనిసరి కాదు. ఫోన్లో ఐదు నిమిషాల్లో ఇచ్చే యాప్ అప్పుల జోలికి మాత్రం వెళ్లకండి. ఎంత చిన్నదైనా అది రిపోర్టులో విడి అప్పుగా కనిపిస్తుంది. అవి నాలుగైదు ఉంటే ఇంటి లోన్ ఇచ్చేవాళ్లు చేతికి డబ్బాడని మనిషనుకుంటారు.

స్కోరు రావడానికి మామూలుగా ఆరు నెలల రికార్డు కావాలి. బ్యాంకు నమ్మకంగా చూసేది ఏడాదిది. ఈ మధ్యలో లోన్ కోసం నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తుకూ వాళ్లు మీ రిపోర్టు తెరిచినట్టు గుర్తు పడుతుంది, అవి పేరుకుంటే స్కోరు తగ్గుతుంది. ‘మీకు మామూలు కార్డు వచ్చింది’ అని ఫోన్లు మొదలైనా ఇంటి లోన్ అయ్యేదాకా వద్దనండి.

15 వేలు అడిగినాయన సంగతి. బ్యాంకులు పంపిన వివరాలను బట్టి స్కోరు తయారవుతుంది. డబ్బు తీసుకుని దాన్ని పెంచగలిగే మనిషి ఏ సంస్థలోనూ లేడు. ఇలాంటివాళ్లలో కొందరు చేసేది ఇదీ: మీ పాన్, ఆధార్, ఓటీపీ తీసుకుని మీ పేరున చిన్న చిన్న అప్పులు తెరవడం. స్కోరు వచ్చినట్టు కనిపిస్తుంది, అప్పు మీ నెత్తిన ఉంటుంది. ఇప్పటికే కాగితాలు ఇచ్చి ఉంటే ఈ వారమే నాలుగు రిపోర్టులూ తీసి చూసుకోండి.

రూపాయిన్నర వడ్డీ లెక్క మీకే చెప్పక్కర్లేదు గానీ, పక్కపక్కన పెట్టి చూడండి. 20 లక్షలకు నెలకు 30 వేలు. అది వడ్డీ మాత్రమే, పదిహేనేళ్లు కట్టినా అసలు 20 లక్షలు అలాగే ఉంటాయి. నోటుకు కాలపరిమితి మూడేళ్లు, అప్పుడల్లా తిరగరాయాలి, రాసినప్పుడల్లా వడ్డీ పెంచమనొచ్చు. పైగా 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. పట్టుబడితే తీసుకున్నంత మొత్తం జరిమానా పడేది తీసుకున్నవాళ్లకే. ఇంత కట్టినా సిబిల్‌లో ఒక్క అక్షరం ఎక్కదు.

మరీ ఆగలేకపోతే, ఆర్‌బీఐ నమోదు ఉన్న హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు రిటర్నులు లేని చిన్న వ్యాపారులకు కూడా షాపుకొచ్చి, అమ్మకం చూసి, బ్యాంకు స్టేట్‌మెంట్లను బట్టి లోన్ ఇస్తాయి. వడ్డీ 12 శాతం పడిందనుకున్నా 20 లక్షలకు 15 ఏళ్లకు ఈఎంఐ 24,003. రూపాయిన్నర వడ్డీ కంటే నెలకు 6 వేలు తక్కువ, అసలు కూడా తీరిపోతుంది. ఫ్లోటింగ్ (మార్కెట్‌ను బట్టి మారే) వడ్డీ మీద తీసుకుంటే ముందుగా కట్టేసినా పెనాల్టీ ఉండదు. ఏడాదిన్నర తర్వాత రికార్డు చూపించి బ్యాంకుకు మార్చుకోవచ్చు, ప్రాసెసింగ్, లీగల్ ఖర్చులు మాత్రం మళ్లీ పడతాయి. అయినా మా ఓటు ఆగడానికే. 45 వేలలో 24 వేలు ఈఎంఐకి పోతే, షాపు వారం రోజులు మూతపడిన నెలలో మీకు ఊపిరాడదు.

ఆగిన ఏడాదిలో ఒక పని చేయండి. ప్రతి నెలా 5వ తేదీన 20 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. అది మీకు ఈఎంఐ అలవాటు. పన్నెండు నెలలూ తప్పకుండా పడితే బ్యాంకు మేనేజరుకు చూపించడానికి అంతకు మించిన కాగితం లేదు. ఏ నెలైనా వేయలేకపోతే, 20 లక్షలు మీకు ఎక్కువని ముందే తెలుస్తుంది.

ఆ డబ్బు ఇంకో చోటికీ అక్కరకొస్తుంది. 32 లక్షల ఫ్లాటుకు రిజిస్ట్రేషన్ ఖర్చు ఆంధ్రప్రదేశ్‌లో 7.5 శాతం, అంటే 2,40,000. బ్యాంకులు ఇంటి ధరకే లోన్ లెక్కేస్తాయి, దీన్ని అందులో కలపవు. మీ 13 లక్షలు, లోన్ 20 లక్షలు కలిపితే 33. కావాల్సింది 34 లక్షల 40 వేలు. 1,40,000 తక్కువ పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు, సామాను మార్చే ఖర్చు ఇంకా పైన.

బ్యాంకు గానీ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ గానీ ఇచ్చిన లోన్ అయితేనే వచ్చే మేలు మరొకటుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకు మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ ఉంది. ఐదు వాయిదాల్లో గరిష్ఠంగా 1,80,000 వస్తుంది. మీ అంకెలన్నీ ఆ గీతల లోపలే ఉన్నాయి. గత ఇరవై ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం కింద లబ్ధి పొంది ఉంటే మాత్రం రాదు. ఫ్లాటు మీ పేరున గానీ, ఇద్దరి పేరున గానీ ఉండేలా చూసుకోండి.

చివరగా ఆ ఫ్లాటు ఓనరు. ఆయన ఆగడానికి ఒప్పుకుంటే, రెండు లక్షలకు బదులు తక్కువ మొత్తం చెక్కు రూపంలో ఇచ్చి, ‘బ్యాంకు లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాను’ అన్న మాట అగ్రిమెంటులో రాయించుకోండి. రాయనంటే ఇవ్వకండి. అంతకంటే ముందు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం), ప్లాను అప్రూవల్ జిరాక్సులు అడిగి తెచ్చి మీ ఖాతా ఉన్న బ్యాంకు ప్యానెల్ లాయరుకు చూపించండి. అప్రూవల్‌కు మించి అంతస్తు వేసిన బిల్డింగ్ అయితే మీ సిబిల్ 800 ఉన్నా ఆ ఫ్లాటుకు ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు.